షుగర్ మిషన్ కొనాల్నా, ల్యాబ్ చాలదా? కొంటే ఎప్పుడెప్పుడు చూడాలె?

తమ్మీ, నువ్వు అడిగింది ముందుగాల మల్ల ఒకసారి రాస్తున్న, చదివేటోళ్లకు ముచ్చట తెల్వాలె గదా. మీ అమ్మకు 58 ఏండ్లు, దేవరకొండ దగ్గర ఊర్లె ఉంటది, షుగర్ వచ్చి ఎనిమిదేండ్లయింది, గ్లిమెపిరైడ్ మెట్‌ఫార్మిన్ రెండు కలిసున్న గోలీ పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేస్కుంటది. మూడు నెలలకోసారి నల్లగొండ పోయి పరిగడుపున రక్తం ఇస్తే ఎప్పుడు చూసినా 120, 130 ఇట్లనే వస్తది, అందరు ఖుషీ. ఈసారి డాక్టర్ మూడు నెలల యావరేజ్ టెస్టు (హెచ్‌బీఏ1సీ) రాస్తే అది 8.6 వచ్చింది, మిషన్ కొనుక్కొని ఇంట్ల చూస్కోండి అన్నడు. మీ నాయినేమో ల్యాబ్‌ల చూపిస్తనే ఉన్నం గదా, ఊకె వేళ్లు పొడుచుకునుడు పైసలు దండుగ అంటుండు. కొనాల్నా వద్దా, కొంటే రోజుకు ఎన్నిసార్లు చూడాలె, ఏ మిషన్ మంచిది, ఇంతే గదా నువ్వడిగింది.

కొనాలె. కానీ మీ నాయిన మాటను తీసిపారేయకు, అందుల సగం నిజం ఉంది, అది కూడా చెప్త. నేను నల్లగొండ దిక్కు దవాఖానలల్ల స్టాఫ్ నర్సుగ చాన ఏండ్లు చేసిన, ఎక్కువ షుగర్, బీపీ పేషెంట్ల దగ్గర్నే, కావట్టి పుస్తకంల ఉన్నదానితోటి పాటు ఇండ్లల్ల ఏం జరుగుతదో కూడా కొంచెం తెలుసు.

ముందు ఆ 8.6 సంగతి. హెచ్‌బీఏ1సీ అంటే మన రక్తంల ఎర్రకణాలకు చక్కెర ఎంత అతుక్కున్నదో చూసే పరీక్ష, ఎర్రకణం బతికేది దగ్గరదగ్గర మూడు నాలుగు నెలలు కాబట్టి గడిచిన రెండు మూడు నెలల లెక్క అందుల కనపడ్తది. 7 అంటే సగటు దాదాపు 154, 8 అంటే 183, మీ అమ్మ 8.6 అంటే సగటు 200. ఇప్పుడు నువ్వే చూడు, పొద్దుగాల పరిగడుపున 125 ఉంటది, రోజంతా కలిపి సగటు మాత్రం 200. అంటే తిన్నంక 250, 280 దాకా ఎక్కుతున్నదన్నట్టే, అది ఎవ్వరు చూస్తలేరు. రాత్రంతా మోటరు బంద్ ఉంటే పొద్దుగాలకు బాయి నిండుగ కనపడ్తది, గది చూసి నీళ్లకు కొదవ లేదనుకున్నట్టు, మీరు ఎనిమిదేండ్ల సంది రోజుల మంచిగ ఉండే ఒక్క గంటనే చూసుకుంటున్నరు.

ఇంకో మాట చెప్త, కోపం తెచ్చుకోకు. నల్లగొండకు టెస్టుకు పోవాలె అనంగనే ముందురోజు మీ ఇంట్ల ఏం జరుగుతదో నాకు ఎరుకే. రాత్రి బువ్వ బంద్, ఒక రొట్టె తిని పండుకునుడు, చాయ్‌ల చక్కెర బంద్, రెండు రోజుల ముందు సంది వాకింగ్. పరీక్షల పాస్ కావాలెనని. మా దగ్గరికి వచ్చేటోళ్లల్ల ఎంతమంది ఇట్ల చేస్తరో లెక్క లేదు, చదువుకున్నోళ్లు కూడా. ఫాస్టింగ్ మంచిగ రాక ఏం చేస్తది మరి? అందుకనే డాక్టర్లు మూడు నెలల పరీక్ష రాస్తరు, దాని ముంగట ఒక్కరాత్రి ఉపాసం నడవదు. అయితే దానికి కూడా ఒక లోపం ఉంది, ఒంట్ల రక్తం తక్కువ ఉండి అది ఐరన్ తక్కువతోటి వచ్చిందైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, ఎక్కువ రక్తం పోయినోళ్లల్ల తక్కువ చూపించవచ్చు. మన దిక్కు ఆడోళ్లల్ల రక్తం తక్కువ ఉండుడు మామూలే కాబట్టి మీ అమ్మ హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా ఆ కాయితంల చూడు. పరిగడుపు నంబర్, మూడు నెలల నంబర్, ఈ రెండింటి నడుమ ఏది నిజమో తేల్చేది ఇంట్ల మిషనే.

ఇగ మీ నాయిన మాట. అమెరికాల నార్త్ కరోలినాల ఇన్సులిన్ లేకుంట గోలీల మీదనో ఉత్త పథ్యం మీదనో ఉన్న షుగరోళ్లు 450 మందిని ఏడాది పాటు గమనించిన్రు, 2017ల ఆ ఫలితాలు అచ్చైనయి. కొంతమంది రోజూ ఇంట్ల చూసుకున్నరు, కొంతమంది అసలు చూసుకోలే. ఏడాదైనంక చూస్తే రెండు తీర్లోళ్ల మూడు నెలల యావరేజ్‌ల చెప్పుకోదగ్గ తేడా లేదు! అంటే రోజు పొద్దున లేవంగనే పొడుచుకొని, నంబర్ చూసి, ఆహా అనో అయ్యో అనో అనుకొని మిషన్ డబ్బల పెట్టేస్తే నిజంగనే పైసలు దండుగ. మీ నాయినది కరెక్టే. మిషన్ షుగర్ తగ్గియ్యదు, చూసినంక మనం ఏదన్న మారిస్తేనే తగ్గుతది.

అదే ఇన్సులిన్ తీసుకునేటోళ్ల ముచ్చట పూర్తిగ వేరే. 1993ల అమెరికా, కెనడా దేశాలల్ల 1441 మంది టైప్ 1 షుగరోళ్ల (ఒంట్ల ఇన్సులిన్ తయారు కానోళ్ల) మీద చేసిన పెద్ద పరిశోధన బయటికొచ్చింది, రోజుకు నాలుగుసార్లు ఇంట్లనే చూసుకుంట దానికి తగ్గట్టు ఇన్సులిన్ సరిచేసుకున్నోళ్లల్ల, మొదలు కండ్లు మంచిగ ఉన్నోళ్లకు రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. వాళ్లు కూడా ఊకె చూసుకోలే, చూసి మార్చుకున్నరు. కాబట్టి ఇన్సులిన్ మీద ఉన్నోళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే వాళ్లకు ఈ "అవసరమా కాదా" అనే చర్చే లేదు, మిషన్ లేకుంట ఇన్సులిన్ వేసుకునుడంటే కండ్లు మూసుకొని వేసుకునుడే.

మీ అమ్మ నడిమధ్యన ఉంది. ఇన్సులిన్ లేదు, కానీ గోలీల గ్లిమెపిరైడ్ ఉంది. ఉత్త మెట్‌ఫార్మిన్ తోటి షుగర్ డౌన్ అవుడు చాన తక్కువ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ జాతి గోలీలు మాత్రం నువ్వు తిన్నా తినకున్నా ప్యాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ తీస్తయి. గోలీ వేసుకొని పొద్దున ఎనిమిదింటికి పత్తి ఏరవోయి, మధ్యాహ్నం మూడింటికి సద్ది తింటే ఏమైతది? షుగర్ 60కి పడ్తది. చెమటలు, చేతులు వణుకుడు, గుండె దడదడ, కడుపుల మండినట్టు ఆకలి, ఊకనే చిరాకు. ఎండకు కండ్లు తిరిగినయనుకొని చెట్టుకింద పండుకుంటరు. గీ ఒక్క కారణానికే మీ ఇంట్ల మిషన్ ఉండాలె అంట నేను, మిగిలినవన్ని తర్వాత.

70 కన్నా తక్కువైతే లో షుగర్, 54 కన్నా తక్కువైతే ప్రమాదం. చెయ్యాల్సింది ఏందంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగియ్యాలె, లేకుంటే గ్లూకోజ్ పొడి, అది లేకుంటే అర గ్లాసు కూల్‌డ్రింక్, మామూలుదే, డైట్‌ది కాదు. పావుగంట ఆగి మల్ల చూడాలె, ఇంకా 70 దాటకుంటే మల్ల అంతే ఇయ్యాలె, దాటినంక ఒక రొట్టెనో బువ్వనో తినిపియ్యాలె. లడ్డూ, చాక్లెట్ పెట్టొద్దు, వాటిల నెయ్యి కొవ్వు ఉంటయి కాబట్టి చక్కెర రక్తంలకు ఎక్కుడు లేటయితది. మిషన్ చేతికి అందకుంటే వెతుక్కుంట కూసోవద్దు, ముందు చక్కెర నీళ్లు, తర్వాతనే మిషన్. మనిషి తెలివిల లేకుంటే నోట్ల ఏం పొయ్యొద్దు, గొంతుకు అడ్డం పడ్తది, 108కి ఫోన్ చెయ్యాలె. ఇంకోటి, గ్లిమెపిరైడ్ తోటి డౌన్ అయినోళ్లకు ఒక్కసారి లేచినంక అయిపోయింది అనుకోవద్దు, ఆ గోలీ పని చాన గంటలు నడుస్తది, కిడ్నీలు జర వీక్ ఉన్నోళ్లకైతే ఇంకా ఎక్కువ సేపు, మల్ల పడొచ్చు. ఆ రోజంతా చూసుకుంట ఉండాలె, బాగ పడిపోతే దవాఖానల ఒక రాత్రి పెట్టుకుంటరు, అది ఊకె బిల్లుకు కాదు.

దీనికి ఉల్టా కూడా ఉంటది. చాన రోజులు 280, 300ల ఉన్నోళ్లకు గోలీ మారిస్తే షుగర్ 130కి రాంగనే అచ్చం లో షుగర్ అయినట్టే వణుకు వస్తది, ఒళ్లు దానికి అలవాటు పడి ఉంటది. వాళ్లు గాబరై చక్కెర తిని మల్ల 300కు ఎక్కించుకుంటరు, "ఆ గోలీ నాకు పడ్తలేదు" అని బంద్ పెడ్తరు. అప్పుడు మిషన్ పెట్టి చూస్తే 125 ఉంటది. భయమేం లేదమ్మా కొన్ని రోజులల్ల అలవాటైతది అని చెప్పొచ్చు.

కల్లు గురించి రాయకుంటే నల్లగొండ పాలమూరు వాళ్లకు రాసినట్టే కాదు. మీ అమ్మ తాగదేమో గానీ చదివేటోళ్లల్ల ఉంటరు. కల్లు గానీ మందు గానీ తాగినంక లివర్ దాన్ని కరిగిచ్చే పనిల పడి, రాత్రిపూట రక్తంలకు చక్కెర వదిలే పని ఆపేస్తది, ఏం తినకుంట తాగి గోలీ వేసుకొని పండుకుంటే తెల్లారుగట్ల షుగర్ పడిపోతది. తాగుబోతు మత్తు, కల్తీ కల్లు మత్తు, లో షుగర్ మత్తు మూడూ చూడనీకి ఒక్క తీరుగనే ఉంటయి, "తాగిండు, పండుకోనియ్యి" అని వదిలేస్తరు. లేపితే లెవ్వని షుగర్ పేషెంట్‌కు ముందు వేలు గుచ్చి చూడాలె, ఎంత తాగిన మనిషైనా సరే.

ఇగ రోజుకు ఎన్నిసార్లు అన్నవు. రోజూ వద్దు. జంటలు జంటలుగ చూడు, అంటే ఒక పూట తినకముందు ఒకసారి, తిన్నంక రెండు గంటలకు ఒకసారి. రెండు గంటలు అంటే మొదటి ముద్ద నోట్ల పెట్టినప్పటి సంది, చెయ్యి కడుక్కున్నప్పటి సంది కాదు. సోమవారం నాష్టాకు ముందు తర్వాత, బుధవారం మధ్యాహ్నం బువ్వకు, శుక్రవారం రాత్రికి. వారానికి ఆరు స్ట్రిప్పులు. ఒక్కో స్ట్రిప్పు కంపెనీని బట్టి 15 నుంచి 25 రూపాయల దాకా పడ్తది, నెలకు అయిదారు వందలల్ల అయిపోతది. నెల రెండు నెలలు ఇట్ల చూస్తే ఏ పూట ఎక్కుతుందో తెలిసిపోతది, తర్వాత ఆ పూటనే చూసుకుంటే సాలు. మామూలుగ తినకముందు 80 నుంచి 130, తిన్నంక 180 లోపల ఉండాలె అంటరు. వయసు ఎక్కువున్నోళ్లకు, గుండె కిడ్నీ జబ్బులున్నోళ్లకు, ఇంట్ల ఒక్కరే ఉండేటోళ్లకు డాక్టర్లు కొంచెం పైకి కూడా ఒప్పుకుంటరు, మీ అమ్మకు ఎంత అన్నది ఆయన్నే అడుగు.

జంటగ ఎందుకంటే ఒంటి నంబర్‌కు ఏం మాటలు రావు. మధ్యాహ్నం తిన్నంక 240 వచ్చిందనుకో, దేనివల్ల? తినకముందే 200 ఉండెనా, లేక 120 ఉండి పళ్లెంల ఉన్నదానితోటి 240 అయిందా? మొదటిదైతే గోలీ సంగతి డాక్టర్ చూడాలె, రెండోదైతే పళ్లెం సంగతి మనం చూసుకోవాలె. రెండు వేరే వేరే రోగాలకు మందు చేసినంత తేడా ఉంటది, ఒక్క నంబర్ చూసి ఎట్ల తెలుస్తది?

తిండి కాడ మనోళ్లకు చాన నమ్మకాలున్నయి, మిషన్ వాటిని ఒకటొకటిగ తేలుస్తది. తైదలు షుగర్‌కు మంచియి అంటరు, నిజమే, కానీ మెత్తగ పిండి పట్టించి పల్చగ జావ కాసి రెండు గ్లాసులు గటగట తాగితే అది బువ్వ కన్నా తక్కువేం ఎక్కియ్యదు, అందుల బెల్లం వేస్తే ఇగ చెప్పేదే లేదు. తైద రొట్టె, పప్పు, ఆకుకూర తోటి తింటే వేరే లెక్క. జొన్నరొట్టె మంచిది గదా అని నాలుగు తింటరు. రాత్రిపూట బువ్వ మానేసిన అని గొప్పగ చెప్తరు, దానికి బదులు మూడు చపాతీలు ఆలుగడ్డ కూర! బత్తాయిలు మన నల్లగొండ పంటనే, ఒక కాయ ఒలుచుకొని తింటే ఒకటి, నాలుగు కాయలు పిండి గ్లాసుల పోసుకొని తాగితే ఇంకొకటి. పాలమూరు దిక్కు సీతాఫలాలు, కొల్లాపూర్ మామిడిపండ్లు వచ్చే రోజులల్ల మా క్లినిక్‌ల అందరి షుగర్‌లు ఎక్కుతుండె, "నేనేం తినలే మేడమ్" అనుడే అందరు. అసలు తినొద్దు అని నేను చెప్పను, సగం పండు తిని రెండు గంటలకు చూస్కోమంట. మనిషి మనిషికి తేడా ఉంటది, ఒకరికి ఇడ్లీతోటి 230 ఎక్కుతది ఇంకొకరికి 170 దాటదు, అది చార్టుల దొరకదు, నీ వేలు గుచ్చితేనే దొరుకుతది.

సద్దుల బతుకమ్మ నాడు కూడా అంతే, పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, అన్ని బువ్వనే, మీదికెళ్లి మలీద ముద్దలు. పండుగనాడు అమ్మను తినొద్దు అంటే ఎవ్వరింట్ల నడవదు, తిన్నంక ఆడిందా కూసుందా అన్నది చూడు, బతుకమ్మ చుట్టూ రెండు గంటలు ఆడి వచ్చినోళ్ల షుగర్ చూస్తే ఆశ్చర్యమైతది. రంజాన్‌ల రోజా ఉండేటోళ్లు ఒకటి యాదిపెట్టుకోండి, వేలు గుచ్చి చూసుకుంటే రోజా పోదు అని షుగర్ డాక్టర్లు, మతపెద్దలు కలిసి చెప్పిన్రు. 70 కన్నా తక్కువైనా 300 దాటినా ఆ రోజు రోజా విడిచేయాలె, ముందుగాలనే డాక్టర్‌ను కలిసి గోలీల టైములు మార్పించుకోవాలె.

తిండితోటి సంబంధం లేకుంట షుగర్ ఎక్కేది ఇంకోటుంది, మన ఊర్లల్ల బాగ కనపడ్తది. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులకు సూది వేయించుకుంటరు, రెండు రోజులల్ల నొప్పి మాయం, ఆయన చెయ్యి మంచిది అంటరు. అందుల స్టెరాయిడ్ ఉంటే షుగర్ కొన్ని రోజుల దాకా 300, 400 కూడా పోతది. అదే పథ్యం, అదే గోలీ, నంబర్ మాత్రం రాకెట్ లెక్క లేస్తే "ఈ నడుమ ఏమన్న సూది వేయించుకున్నవా అమ్మా" అని అడుగు, డాక్టర్‌కు కూడా ఆ సంగతి చెప్పు, లేకుంటే ఆయన అది తెల్వక గోలీ డోసు పెంచుతడు, సూది పవర్ దిగినంక మనిషి షుగర్ డౌన్ అయి పడ్తది. జ్వరం, వాంతులు, కాలికి పుండు, వీటిల్ల కూడా షుగర్ ఎక్కుతది, ఏం తినకున్నా ఎక్కుతది, ఆ రోజులల్ల నాలుగైదు గంటలకోసారి చూడాలె. రెండుసార్లు వరుసగ 300 పైన వచ్చి దాంతోటి వాంతులో మగతో ఆయాసమో ఉంటే ఇంట్ల ఉంచొద్దు. తినకున్నా ఇన్సులిన్ మాత్రం సొంతంగ బంద్ పెట్టొద్దు, డాక్టర్‌ను అడగాలె.

ఇప్పుడు గుచ్చుడు ఎట్ల. సబ్బుతోటి చేతులు కడుక్కొని బాగ తుడుచుకోవాలె, తడి ఉంటే రక్తం పల్చబడి తక్కువ చూపిస్తది, వేలికి మామిడిపండు రసం ఉంటే 150 ఉన్నది 300 చూపిస్తది, ఇది నవ్వులాట కాదు నిజంగనే. స్పిరిట్ రాస్తే ఆరినంకనే గుచ్చాలె. వేలు నడిమిట్ల వద్దు, పక్కకు గుచ్చాలె, అక్కడ నొప్పి తక్కువ, పనిచేసేటోళ్ల వేళ్లు కాయ కట్టి ఉంటయి పక్కకైతేనే రక్తం మంచిగ వస్తది. రాకుంటే చెయ్యి కిందికి వేలాడేసి అరచేతి సంది వేలు దాకా మెల్లగ రాయాలె, వేలు కొస పట్టి గట్టిగ పిండొద్దు, పిండితే రక్తంతోటి నీరు కూడా కలిసి నంబర్ తప్పుతది. రోజుకో వేలు మార్చాలె.

స్ట్రిప్పుల డబ్బ మూత తీయంగనే మల్ల పెట్టాలె, గాలి తేమ తగిలితే ఖరాబైతయి. 30 డిగ్రీల లోపల ఉంచాలె అని డబ్బ మీద రాసుంటది, మన నల్లగొండల మే నెలల 45 కాడికి పోతది, రేకుల ఇల్లైతే లోపల ఇంకెట్లుంటదో నీకు తెల్వదా. ఇంట్ల అన్నిటికన్న సల్లగుండే మూలకు పెట్టండి, బండి డిక్కీల, కిటికీల, పొయ్యి పక్కన వద్దు, అట్లని ఫ్రిజ్‌ల కూడా పెట్టొద్దు తేమ పడ్తది. డబ్బ తెరిచిన తారీఖు పెన్నుతోటి దాని మీద రాయాలె, చాన కంపెనీలవి తెరిచినంక మూడు నెలల దాకానే అంటరు, డబ్బ మీద చూడు.

ల్యాబ్‌కు మిషన్‌కు తేడా వస్తే పరేషాన్ కావొద్దు. ఇంట్ల మిషన్‌కు ఉన్న ప్రమాణమే 100 పైన ఉంటే 15 శాతం అటుఇటు, 100 లోపల ఉంటే 15 పాయింట్లు అటుఇటు. ల్యాబ్‌ల 200 అంటే మిషన్ 170 చూపినా 230 చూపినా తప్పు కాదు. మూడు వేళ్లకు మూడుసార్లు గుచ్చి మూడు నంబర్లొచ్చినయి మిషన్ పాడైంది అంటరు, అది పాడైనట్టు కాదు. మిషన్‌ను పరీక్షించాల్నంటే పరిగడుపున ల్యాబ్‌ల రక్తం తీసినప్పుడే, అక్కడ్నే కూసోని వేలు గుచ్చి చూసి రాసిపెట్టుకొని రిపోర్టు తోటి పోల్చు, తిన్నంక పోలిస్తే లెక్క కుదరదు, వేలు రక్తంల చక్కెర ఆ టైమ్‌ల నరం రక్తం కన్నా ఎక్కువుంటది. ఇంకోటి, స్క్రీన్ మీద ఇంగ్లీషుల "హాయ్" అని వస్తే మిషన్ మనకు నమస్తే పెడ్తలేదు, అది హెచ్ ఐ, హై అన్నట్టు, చాన మిషన్లల్ల 600 దాటితే వస్తది, చేతులు కడిగి ఇంకోసారి చూసి మల్ల అదే వస్తే వెంటనే దవాఖాన. "లో" అని వచ్చినా ఆగొద్దు, చక్కెర నీళ్లు.

ఊర్లె ఒక్కరింట్ల మిషన్ వచ్చిందంటే వాడకట్టంత వస్తరు, నాది జర చూడు వదినె, మా ఆయనది జర చూడు అని. మొఖమాటానికి ఒకటే సూదితోటి అందరికి గుచ్చుతరు. వద్దంటే వద్దు! కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి గట్లనే అంటుకుంటది, కంటికి కనపడనంత రక్తం సాలు. గుచ్చే పెన్ను కూడా ఇంట్ల ఇద్దరికి వాడొద్దు, సూది మార్చినా సరే. చుట్టుపక్కలోళ్లకు చూపించుకోవాల్నని ఉంటే పల్లె దవాఖానకు పొమ్మను, ఆశమ్మనో ఏఎన్ఎమ్మో ఫ్రీగ చూస్తరు, షుగర్ బీపీ గోలీలు కూడా సర్కార్ దవాఖానలల్ల పైసలు లేకుంట ఇస్తరు. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసల వేసి మూతపెట్టి నిండినంక దవాఖానల ఇయ్యాలె, పెంటకుప్పల వేస్తే ఊడ్చేటోళ్ల చేతులకు గుచ్చుకుంటయి.

నోట్‌బుక్ పెట్టు. తారీఖు, టైము, తినకముందా తిన్నంకనా, నంబర్, ఏం తిన్నది, ఇంకేమన్న విశేషముందా, ఇంతే. ఈ రాసే పని మీ నాయినకు అప్పజెప్పు, వద్దన్నాయనకే పని ఇస్తే అటే మలుగుతడు, పైసలు ఎటు పోతున్నయో లెక్క కూడా ఆయన చేతుల్నే ఉంటది. నువ్వు హైదరాబాద్ నుంచి వాట్సప్‌ల ఫోటో తెప్పించుకో, అయితే నంబర్ ఎక్కువొచ్చిన నాడు ఫోన్‌ చేసి అమ్మ మీద ఒర్రకు. ఒర్రితే ఏమైతదంటే నాలుగో రోజు సంది నంబర్లు మంచిగ రాసుడు మొదలైతది. పుస్తకంల అన్ని 140, 150, 145 ఉంటయి, మిషన్ మెమరీ నొక్కితే 260, 290. మా క్లినిక్‌ల ఇది ఎంతమందివి చూసినమో, అడిగితే "పిల్లలు తిడ్తరు మేడమ్" అంటరు. ఎక్కువొచ్చిన నంబరే మనకు పనికొచ్చేది, మంచి నంబర్‌తోటి నేర్చుకునేది ఏముంటది?

ఆ పుస్తకం చూసి గోలీ డోసు మీకు మీరు మార్చొద్దు, ఆర్ఎంపీ చెప్పిండని కూడా మార్చొద్దు. ఒక్కరోజు 250 వచ్చిందని ఇంకో గ్లిమెపిరైడ్ వేసుకుంటే రాత్రి ఏమైతదో పైన రాసిన. పళ్లెం మార్చుకోండి, తిన్నంక పావుగంట ఇరవై నిమిషాలు నడవమను, మల్ల చూడుమను, పుస్తకం తీస్కపోయి డాక్టర్ ముంగట పెట్టండి. ఉత్త కాయితం రిపోర్టు చూసే డాక్టర్‌కు, ఏ పూట ఎంత ఎక్కుతుందో రాసుకొచ్చినోళ్లను చూసే డాక్టర్‌కు తేడా ఉంటది, గోలీ ఏ పూటది మార్చాలె అన్నది అప్పుడే తేలుతది.

చేతికి అతికిచ్చే సెన్సార్ గురించి ఎవరో ఒకరు అడుగుతరు కాబట్టి చెప్తున్న, అవి మంచియే, పద్నాలుగు రోజులు రాత్రింబగళ్లు చూపిస్తయి, కానీ ఒక్కొక్కటి వేలల్ల ఉంటది. రాత్రిపూట డౌన్ అయ్యేటోళ్లకు, ఇన్సులిన్ నాలుగు పూటలు తీసుకునేటోళ్లకు, గర్భిణీలకు అక్కరకొస్తది. మీ అమ్మకు ఇప్పుడు అవసరం లేదు.

ఏ మిషన్ అంటే, పేరు కన్నా ముందు దేవరకొండల మీ మెడికల్ షాపుల ఏ స్ట్రిప్పులు ఎప్పటికి దొరుకుతయో అడుగు, ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకో కంపెనీ మిషన్‌ల నడవదు. ఆన్‌లైన్‌ల మిషన్ సస్తాగ ఇస్తరు, చాలాసార్లు ఫ్రీ కూడా, పైసలన్ని స్ట్రిప్పుల మీద గుంజుతరు, కాబట్టి మిషన్ ధర చూడకు స్ట్రిప్పు ధర చూడు. అంకెలు పెద్దగ కనపడేది, కోడ్ నంబర్ కొట్టే పని లేనిది తీస్కో, అమ్మకు సత్వారం కండ్లజోడు లేకున్నా కనపడాలె. మొదలు 25 స్ట్రిప్పుల డబ్బనే కొను, 50ది సస్తా పడ్తదని తీసుకుంటే వారానికి ఆరు లెక్కన రెండు నెలలైతది, ఎండకాలంల ఆఖరి పది ఖరాబైనా మీకు తెల్వదు. కొనేటప్పుడు ఎక్స్‌పైరీ కనీసం ఆరు నెలలు ముందుకున్న డబ్బ అడుగు, దగ్గరపడ్డవి డిస్కౌంట్‌ల అంటగడ్తరు. అట్లనే గుచ్చే సూదులు వేరేగ ఒక డబ్బ తీస్కో, మిషన్‌తోటి వచ్చేటియి పదే ఉంటయి, అవి అయిపోంగనే పాతదే మల్లమల్ల వాడుడు మొదలుపెడ్తరు.